చూసిన నాటికీ, తేల్చిన నాటికీ నడుమ

సస్యరోగ శాస్త్రాన్ని జీవితకాలం బోధించిన ఒక ఆచార్యుని స్మృత్యర్థం ఈ ఉపన్యాసం ఏర్పాటైంది. ఆయన బోధన గురించి శిష్యులు ఇప్పటికీ చెప్పుకునే విషయం ఒకటుంది. తెగులు సోకిన కొమ్మను విద్యార్థి చేతికిచ్చి ముందుగా దాని పేరు అడిగేవారు కాదట. ఏం కనిపిస్తోందో చెప్పమనేవారట. మచ్చ అంచు ఎలా ఉంది, లేతాకు మీద మొదలైందా ముదురాకు మీదా, పక్క మొక్క సంగతేమిటి, గట్టు మీద ఏ కలుపు పూసి ఉంది, ఇవన్నీ అయ్యాకే పేరు. ఈనాటి ప్రసంగం ఆ క్రమం గురించే.

పంటకు కొత్తగా వచ్చే ప్రతి తెగులుకూ రెండు తేదీలుంటాయి. ఎవరో ఒక రైతు తన చేనులో తేడాను కనిపెట్టిన రోజు మొదటిది. దానికి మూలం ఫలానా జీవి అని శాస్త్రం తేల్చిన రోజు రెండోది. నష్టంలో అధికభాగం ఈ రెండింటి నడుమ జరుగుతుంది. సస్యరోగ శాస్త్ర చరిత్రను ఆ వ్యవధి చరిత్రగానే చదవవచ్చు. నూటయాభై ఏళ్లపాటు ఆ వ్యవధి సాధనాల లేమి వల్ల పెరిగింది. సూక్ష్మదర్శిని చాలలేదు, ఆ తర్వాత ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని చాలలేదు, వైరస్‌ను గుర్తుపట్టే యాంటీసీరమ్‌లు లేవు, జన్యుక్రమం చదవడం తెలియదు. ఇప్పుడవన్నీ చేతికొచ్చాయి. అయినా వ్యవధి పోలేదు. కొత్త తెగులు దాదాపు ఎప్పుడూ పాత తెగులు లక్షణాలతోనే కనిపిస్తుంది. చూసినవారు దానికి పాత పేరే పెడతారు, పాత మందే కొడతారు. ఆలస్యానికి ఇప్పటి కారణాలు ప్రయోగశాలలో తక్కువ, ప్రయోగశాలకు వెళ్లే దారిలో ఎక్కువ అన్నది ఈ ప్రసంగం నిలబెట్టదలచిన వాదం.

మొదటి ఉదాహరణ ఐర్లండ్‌ది. 1843లో అమెరికా తూర్పు తీరంలో, 1845 వేసవిలో బెల్జియంలో కనిపించిన బంగాళాదుంప తెగులు ఆ ఏడాది సెప్టెంబరుకల్లా ఐర్లండ్ చేరింది. ఆకులు నల్లబడి, దుంపలు పొలంలోనే కుళ్లిపోయాయి. ఆనాటి పండితులు చలిని, ఎడతెగని వానలను కారణంగా చూపారు. లండన్‌లోని ప్రసిద్ధ తోటపని పత్రిక సంపాదకుడు, వృక్షశాస్త్రజ్ఞుడు జాన్ లిండ్లీ కూడా నీరు ఎక్కువై మొక్క కుళ్లిందనే అన్నాడు. కుళ్లిన ఆకు మీద బూజు ఉన్న సంగతి అందరికీ కనిపిస్తూనే ఉంది. అది కుళ్లు వల్ల వచ్చిందా, కుళ్లే దానివల్ల వచ్చిందా అన్నదే తేలలేదు. ఇంగ్లండులో చర్చి అర్చకుడుగా ఉంటూ శిలీంధ్రాలను పరిశీలించిన మైల్స్ జోసెఫ్ బర్కిలీ, బూజే కారణమని 1846లో వాదించాడు. పెద్దలు ఒప్పుకోలేదు. జర్మన్ శాస్త్రవేత్త ఆంటన్ డి బారీ ఆరోగ్యంగా ఉన్న మొక్క మీద ఆ బూజు బీజాలను వేసి, తెగులు పుట్టించి, వాదాన్ని నిరూపణ స్థాయికి తెచ్చింది 1861లో. నడుమ పదహారేళ్లు గడిచాయి. ఐర్లండ్‌లో దాదాపు పది లక్షల మంది చనిపోయారు, మరో పది లక్షల మంది దేశం విడిచి వెళ్లారు.

బర్కిలీ మాట వెంటనే విని ఉంటే కరువు ఆగేదని చెప్పడం సరికాదు. ఆ బూజును చంపే బోర్డో మిశ్రమం 1880లలో గానీ రాలేదు. కరువును అంతగా ముదర్చడంలో పాలకుల నిర్ణయాల పాత్ర తక్కువది కాదు. అయితే ఆనాడు ఎండబెట్టి, కాగితానికి అతికించి దాచిన ఆకులు కొన్ని లండన్‌లోని క్యూ, జర్మనీలోని మ్యూనిక్ సేకరణల్లో మిగిలాయి. వాటిలోని డీఎన్ఏను చదివిన శాస్త్రవేత్తలు 2013లో ఆ తెగులుకారకం వంశాన్ని గుర్తించి హెర్బ్-1 అని పేరు పెట్టారు. కారణం తెలియక ముందే ఎవరో నమూనాను జాగ్రత్తగా దాచారు. నూట అరవై ఏళ్లకు పైగా గడిచాక అది జవాబిచ్చింది.

తెలుగునేలకు ఇలాంటి అనుభవం ఎదురైంది గోదావరి డెల్టాలో. పందొమ్మిదో శతాబ్దం చివరి ఏళ్లలో అక్కడి తాటిచెట్లు మొవ్వు కుళ్లి చనిపోసాగాయి. తర్వాత కొబ్బరి, పోక చెట్లకూ అది పాకింది. నడిమి ఆకు వాడి, కిందికి వేలాడి, మొవ్వు దుర్వాసనతో కుళ్లేది. తాటికి ఎదుగుదలంతా ఆ ఒక్క మొవ్వులోనే గనుక అది పోతే చెట్టు పోయినట్టే. పైగా తెగులు మొదలయ్యేది నేల మీది మనిషి కంటికి అందనంత ఎత్తున. చెట్టెక్కేవాడు చెబితే తప్ప మొదటి లక్షణం ఎవరికీ తెలియదు. ఆనాటి భారత ప్రభుత్వపు ఇంపీరియల్ మైకాలజిస్టు ఎడ్విన్ జాన్ బట్లర్ దీన్ని పరిశోధించి, 1907లో పితియం పామివోరమ్ అనే కొత్త జీవిని వర్ణించాడు. 1919లో తానే దాన్ని ఫైటాఫ్తోరా ప్రజాతికి మార్చాడు. ఐర్లండ్‌ను కుదిపిన బంగాళాదుంప తెగులుకారకం ఈ ప్రజాతిదే. సోకిన చెట్ల తలలు నరికి కాల్చే కార్యక్రమాన్ని మద్రాసు ప్రభుత్వం ఏళ్ల తరబడి నడిపింది. ప్రభుత్వ మైకాలజిస్టుగా పనిచేసిన డబ్ల్యూ. మెక్‌రే ఆ చరిత్రను 1923లో ప్రత్యేకంగా రాశాడు. చెట్టెక్కగలవారి సాయం లేనిదే అలాంటి పని ఒక్కరోజు కూడా నడవదు. ప్రయోగశాల నివేదికల్లో వారి పేర్లుండవు. తెగులును ముందుగా చూసే కళ్లు మాత్రం వారివే. కొబ్బరిలో అంతరపంటగా కోకో వేసే నేటి గోదావరి రైతులు, కాయలు నల్లబడి కుళ్లినప్పుడు ఎదుర్కొంటున్నది కూడా ఈ ఫైటాఫ్తోరా పామివోరానే.

అదే డెల్టాలో మరో ఉదాహరణ ఉంది. 1949లో రాజోలు ప్రాంతంలోని తాటిపాక గ్రామంలో కొబ్బరిచెట్లకు వింత తెగులొకటి కనిపించింది. ముందు తల మామూలుకంటే గుబురుగా పెరుగుతుంది, తర్వాత ఆకులు చిన్నవై, మాను పైకి పోయేకొద్దీ సన్నబడి, గెలలో పిచ్చికాయలు నిండుతాయి. కారణం తెలియక ఊరి పేరే తెగులుకు స్థిరపడింది. 1967లో జపాన్ శాస్త్రవేత్తలు మల్బరీ మరుగుజ్జు తెగులులో, కణకవచం లేని ఒక కొత్తరకం సూక్ష్మజీవిని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూశారు. దాన్నే ఇప్పుడు ఫైటోప్లాస్మా అంటున్నారు. అంతవరకూ వైరస్ ఖాతాలో వేసిన తెగుళ్లు ఎన్నో అప్పుడు ఖాతా మారాయి. తాటిపాక కొబ్బరిలో కూడా అలాంటి జీవులున్నాయని తేలింది 1990లలో. నాలుగు దశాబ్దాలకు మించిన ఈ వ్యవధికి పరిశోధకులను తప్పుపట్టలేం. వెతకవలసిన జీవి అనేదొకటి ఉందని కూడా సగంకాలం ప్రపంచానికి తెలియదు.

తెగులు కొత్తది కాకపోయినా ఆలస్యం జరగవచ్చు. 1942లో బెంగాల్ వరిని గోధుమరంగు మచ్చ తెగులు ముంచెత్తింది. ఆ శిలీంధ్రం శాస్త్రానికి అప్పటికే తెలిసినదే. ఆ సీజనులో అది ఎంత పంటను తిందో లెక్కగట్టినవారు లేరు. ఎస్.వై. పద్మనాభన్ బెంగాల్‌లో మైకాలజిస్టుగా చేరేందుకు వెళ్లింది 1943 అక్టోబరులో, అప్పటికి కరువు ముదిరిపోయింది. దారి పొడవునా శవాలు చూశానని ఆయన తర్వాత రాశారు. చిన్సురా, బంకురా పరిశోధనా కేంద్రాల దిగుబడి లెక్కలను ముందుంచుకుని ఆ తెగులు తీవ్రతను ప్రపంచానికి వివరించిన వ్యాసం 1973లో వెలువడింది. బెంగాల్ కరువుకు ధాన్యం కొరత ఎంత కారణం, ధరలూ యుద్ధకాలపు పంపిణీ ఎంత కారణం అన్న చర్చను అమర్త్యసేన్ తర్వాత మరో దిక్కుకు తిప్పారు. ఆ వాదం ఎలా ఉన్నా, ఒక రాష్ట్రపు వరిని తిన్న తెగులుకు లెక్క ముప్పై ఏళ్ల తర్వాత రావడం మాత్రం నిజం.

కంది విషయంలో కథ మరీ విచిత్రమైనది. 1931లో బిహార్‌లోని పూసాలో కందిలో ఒక తెగులును నమోదు చేశారు. మొక్క చావదు. ఆకులు చిన్నవై, పసుపు ఆకుపచ్చ కలగలిసి, పొద గుబురుగా, పచ్చగా ఉంటుంది. పూత మాత్రం రాదు. తెలుగు రైతులు దీన్ని వెర్రి తెగులనీ, గొడ్డుమోతు తెగులనీ అంటారు. దూరం నుంచి చూస్తే చేను కళకళలాడుతున్నట్టే ఉంటుంది, కాబట్టి కాతకాలం వచ్చేదాకా చాలామందికి అనుమానం కూడా రాదు. కంటికి ఆనని ఒక నల్లి దీన్ని మోస్తుందని 1960లలో తేలింది. నల్లి మోసే జీవి ఏమిటో తేలలేదు. మొక్కలో అది చాలా తక్కువ మోతాదులో ఉంటుంది, శుద్ధిచేయబోతే నిలవదు. వైరస్‌ల కోసం ఉన్న మామూలు పద్ధతులకు అది లొంగలేదు. చివరికి పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు, స్కాట్లండ్ పంట పరిశోధనా సంస్థవారితో కలిసి ఆ వైరస్‌ను 2000లో పట్టుకున్నారు. మొదటి నమోదుకూ దీనికీ మధ్య సుమారు డెబ్బై ఏళ్లు.

ఇక్కడ ఈ ప్రసంగపు వాదానికే అడ్డువచ్చే సంగతి ఒకటుంది. దాన్ని దాటవేయడం న్యాయం కాదు. జీవి పేరు తెలియకుండానే దానికి విరుగుడు దొరికింది. వై.ఎల్. నెనె, ఎం.వి. రెడ్డి 1976లో ఒక తేలిక పద్ధతి కనిపెట్టారు. తెగులు సోకిన కందాకును లేత మొక్క ఆకుకు స్టేపుల్ చేస్తారు. నల్లులు పాత ఆకు నుంచి కొత్త ఆకుకు నడిచిపోతాయి, వాటితోపాటు తెగులూ. ఇలా వేలాది కంది రకాలను పరీక్షించి తట్టుకునేవాటిని ఏరారు. ఎండుతెగులునూ ఈ తెగులునూ తట్టుకునే ‘ఆశ’ రకం 1990ల మొదట్లోనే రైతుల చేతికి వచ్చింది. అంటే గుర్తించడమంటే సూక్ష్మజీవికి లాటిన్ పేరు పెట్టడం ఒక్కటే అనుకోకూడదు. తెగులు ఎలా పాకుతుందో, ఎవరు మోస్తారో, ఏ రకం తట్టుకుంటుందో తెలిసినా సగం గుర్తించినట్టే. మిగతా సగం తెలియకపోవడంవల్ల ఏం జరుగుతుందో అనంతపురం చెబుతుంది.

2000 సంవత్సరం ఖరీఫ్. అనంతపురం జిల్లాలో వేరుశనగ మొక్కలు లేత దశలోనే మొవ్వు ఎండి, కాండం నల్లబడి, నిలువునా చనిపోసాగాయి. తెగులు సుమారు 2,25,000 హెక్టార్లకు పాకింది. నష్టం రూ. 300 కోట్లు దాటింది. వాననే నమ్ముకున్న రాయలసీమ రైతుకు శెనక్కాయే పంట, అదే పశువుల మేత, అదే అప్పు తీర్చే దారి. ఆ జిల్లాలో వేరుశనగ పోవడమంటే ఏడాది పోవడమే.

చూసినవారికి అది కొత్త తెగులని తోచకపోవడం సహజం. వేరుశనగలో మొవ్వుకుళ్లు వైరస్ తెగులు దశాబ్దాలుగా ఉన్నదే. నిజానికి ఆ పాత తెగులు గుర్తింపూ ఒక్కసారిగా జరగలేదు. దాన్ని ముందు, టమాటాకు మచ్చలు, వాడు తెగులు తెచ్చే విదేశీ వైరస్ అని 1970ల చివర నిర్ధారించారు. అది వేరే వైరస్ అని, వేరుశనగ మొవ్వుకుళ్లు వైరస్ అని 1992లో తేల్చారు. మోసే తామరపురుగు ఏ జాతిదన్న అభిప్రాయం కూడా మధ్యలో మారింది. అలాంటి తెగులు పక్కనే ఉన్నప్పుడు, ఎండిన మొవ్వును చూసి ఇంకేదో అనుకోవడానికి ఎంతో నిదానం కావాలి.

తేడాలు లేకపోలేదు. మొవ్వుకుళ్లు సోకిన మొక్క ఎక్కువగా గిడసబారి, పక్కల నుంచి చిన్న ఆకులతో పిలకలు వేసి, బతికే ఉంటుంది. ఈ మొక్కలు మాత్రం ఎండు పైనుంచి కిందికి దిగి పూర్తిగా చనిపోతున్నాయి. ఊడల మీద, కాయల మీద కూడా నల్లమచ్చలున్నాయి. ఇక్రిశాట్ ప్రయోగశాలలో మొవ్వుకుళ్లు వైరస్ యాంటీసీరమ్‌తో పరీక్షిస్తే నమూనాలు స్పందించలేదు. పొగాకు చార వైరస్ యాంటీసీరమ్‌తో స్పందించాయి. తర్వాత వైరస్ తొడుగు ప్రొటీన్ జన్యుక్రమం కూడా అదే చెప్పింది. పొగాకు మీద ఆ వైరస్‌ను అమెరికాలో 1936లోనే వర్ణించారు. భారతదేశపు వేరుశనగలో అదే మొదటిసారి. డి.వి.ఆర్. రెడ్డి బృందం ఈ వివరాలను 2002లో ప్రచురించింది.

అయితే ఆ వైరస్ అనంతపురంలో ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1997లో జిల్లా సరిహద్దుకు ఆనుకునే ఉన్న కర్ణాటకలోని బాగేపల్లి దగ్గర పొద్దుతిరుగుడు తోటలు ఇలాగే ఎండిపోయాయి. ఆ తెగులుకు కారణం కూడా ఇదే వైరస్ అని, వేరుశనగలోని వైరస్‌తో దాదాపు అభిన్నమని తర్వాత తెలిసింది. మూడేళ్లు ముందుగా, పక్క తాలూకాలో, వేరే పంటలో ఆ వైరస్ తలచూపిందన్నమాట. పొద్దుతిరుగుడు నిపుణులు ఒక చోట, వేరుశనగ నిపుణులు మరో చోట, రాష్ట్రాలు రెండు. పంటల వారీగా చీలిన శాస్త్రానికి, పంటల తేడా చూడని వైరస్ ఎప్పుడూ ఒక అడుగు ముందే ఉంటుంది.

సరైన పేరు తెలియడం వల్ల ఏం మారిందో గమనించాలి. మొవ్వుకుళ్లు వైరస్ తామరపురుగు ఒంట్లో వృద్ధిచెంది, కుట్టినప్పుడు మొక్కలోకి పోతుంది. పొగాకు చార వైరస్ దారి వేరు. అది పుప్పొడిలో ఉంటుంది. తామరపురుగు ఒంటికి అంటుకున్న పుప్పొడి వేరుశనగ ఆకు మీద రాలుతుంది, పురుగు ఆకును గీరిన గాయం గుండా వైరస్ లోపలికి వెళుతుంది. ఆ పుప్పొడి ఎక్కడిది? గట్ల మీద, బీళ్లలో, బాటల పక్కన ఏపుగా పెరిగే వయ్యారిభామది. ఆ కలుపు మీద తెగులు లక్షణమేదీ కనిపించదు. వానపడ్డప్పుడల్లా మళ్లీ మళ్లీ పూస్తుంది. చేనులో చచ్చిన మొక్కను పీకి పారేసినంతమాత్రాన ప్రయోజనం లేదు, మూలం చేనులో లేదు కనుక. పూతకు రాకముందే వయ్యారిభామను తీసేయాలి, చేను చుట్టూ జొన్నో సజ్జో వరుసలుగా వేసి గాలికి కొట్టుకొచ్చే పురుగును అడ్డుకోవాలి, విత్తనశుద్ధి చేయాలి. చేనులో మందు కొట్టడం నుంచి గట్టు మీద కలుపు తీయడం దాకా రైతు పని మొత్తాన్ని ఒక యాంటీసీరమ్ పరీక్ష మార్చింది.

ఇరవై ఏళ్ల తర్వాత మిరపలో దాదాపు ఇదే పాఠం మళ్లీ చదవవలసి వచ్చింది. అక్కడి కారకం సూక్ష్మజీవి కాదు, పురుగు. 2021లో గుంటూరు నుంచి ఖమ్మం దాకా మిరప పూత రాలిపోయింది. మిరపకు తామరపురుగు కొత్త కాదు, ఆకు పైకి ముడుచుకుంటే అదేనని ప్రతి రైతుకూ తెలుసు. ఈసారి పురుగులు ఆకులకన్నా పూలలో గుంపులుగా ఉన్నాయి, నల్లగా ఉన్నాయి. మందుల మీద మందులు కొట్టారు. అది త్రిప్స్ పార్విస్పైనస్ అనే వలస జాతి. 2015లోనే బెంగళూరులో బొప్పాయి మీద దాన్ని నమోదు చేసి ఉన్నారు. బొప్పాయి మీది నమోదు మిరప రైతుకు హెచ్చరికగా చేరే మార్గమేదీ లేకపోయింది.

ఈ వ్యవధిని ఎంత కుదించవచ్చో బంగ్లాదేశ్ చూపింది. 2016 ఫిబ్రవరిలో అక్కడి ఎనిమిది జిల్లాల్లో గోధుమ కంకులు గింజ పట్టకుండా తెల్లబడ్డాయి. సుమారు 15,000 హెక్టార్లు దెబ్బతిన్నాయి. వరిలో మనం అగ్గితెగులు అనే దానికి కారణమైన శిలీంధ్రానికి గోధుమను పట్టే వంశం ఒకటుంది. అది 1985లో బ్రెజిల్‌లో బయటపడి, మూడు దశాబ్దాలపాటు దక్షిణ అమెరికా దాటలేదు. బంగ్లాదేశ్‌కు వచ్చింది అదేనా, లేక పక్కనున్న వరి నుంచో గడ్డి నుంచో స్థానిక వంశమేదైనా దూకిందా? జవాబును బట్టి చర్య మారుతుంది. బయటి నుంచి వచ్చినదైతే సరిహద్దు, విత్తనం చూసుకోవాలి. స్థానికమైతే పంటల మార్పిడి చూడాలి. తొఫజ్జల్ ఇస్లాం, సోఫియెన్ కమూన్ తదితరులు తెగులు సోకిన ఆకుల నుంచి నేరుగా జన్యుక్రమం చదివి, ప్రచురణ కోసం ఆగకుండా ఆ సమాచారాన్నంతా అందరికీ తెరిచిపెట్టారు. ఏ దేశపు శాస్త్రవేత్తయినా విశ్లేషించవచ్చన్నారు. కొన్ని వారాల్లోనే అది దక్షిణ అమెరికా వంశమని తేలింది. అదే ఏడాది వ్యాసం వచ్చింది. 2018లో జాంబియాలో కనిపించినదీ అదే క్లోనల్ వంశమని తర్వాతి పరిశోధన చెప్పింది. పశ్చిమ బెంగాల్ సరిహద్దు జిల్లాల్లో గోధుమ సాగునే కొంతకాలం నిలిపివేయించారు. ఐర్లండ్‌లో పదహారేళ్లు, కందిలో డెబ్బై ఏళ్లు పట్టిన పని వారాల్లో పూర్తయింది. కొత్త యంత్రాలే దానికి కారణమనడం సగం నిజం. అవే యంత్రాలు అప్పటికి ఎన్నో దేశాల్లో ఉన్నాయి. దాచుకోకుండా పంచుకోవాలన్న నిర్ణయమే వేగాన్నిచ్చింది.

గుర్తించిన వార్తను అందరూ స్వాగతిస్తారన్న నమ్మకం కూడా లేదు. ఇటలీ దక్షిణ కొసన పులియా ప్రాంతంలో శతాబ్దాల వయసున్న ఆలివ్ చెట్లు ఎండిపోతుంటే, 2013లో అక్కడి శాస్త్రవేత్తలు జైలెల్లా ఫాస్టిడియోసా అనే బాక్టీరియాను గుర్తించారు. అమెరికాలో ద్రాక్షను నాశనం చేసిన జాతి అది. ఐరోపా పొలాల్లో అదే మొదటిసారి. సోకిన చెట్లను కొట్టేయాలన్నారు. తాతముత్తాతల నాటి చెట్లను కొట్టనివ్వబోమని ప్రజలు అడ్డుపడ్డారు, బాక్టీరియాను శాస్త్రవేత్తలే తెచ్చారన్న పుకార్లు పుట్టాయి. 2015 డిసెంబరులో ప్రాసిక్యూటర్లు ఆ శాస్త్రవేత్తల మీదే దర్యాప్తు మొదలుపెట్టి, చెట్ల నరికివేతను ఆపించారు. 2019లో ఆ కేసును మూసేశారు. ఈలోగా తెగులు ఉత్తరానికి పాకుతూ పోయింది. శాస్త్రవేత్త తెగులు పేరు చెప్పడానికి భయపడితే, ప్రభుత్వం ఎగుమతులు పోతాయని జంకితే, రైతు తన చేను తగలబెడతారేమోనని నోరు మెదపకపోతే, పరికరాలు ఎంత పదునైనవైనా చూసిన తేదీ ఎక్కడా నమోదు కాదు. నష్టపరిహారం లేని నరికివేత ఆజ్ఞ ఎక్కడైనా మౌనాన్నే పెంచుతుంది.

ఇప్పుడు ఆశలన్నీ సెల్‌ఫోన్ మీద ఉన్నాయి. ఆకును ఫొటో తీస్తే తెగులు పేరు చెప్పే యాప్‌లు తెలుగులోనూ వచ్చాయి. 2024 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం కృత్రిమ మేధ ఆధారంగా జాతీయ చీడపీడల నిఘా వ్యవస్థను ప్రారంభించింది. ఇవి అవసరమే. వేల గ్రామాలకు ఒక్కో సస్యరోగ నిపుణుణ్ని పంపడం ఎవరివల్లా కాదు. కానీ వీటి పరిమితిని వీటిని తయారుచేసినవారే రాసిపెట్టారు. 2016లో వెలువడిన ప్రసిద్ధ అధ్యయనంలో 14 పంటలు, 26 తెగుళ్లకు చెందిన 54,306 ఫొటోలతో ఒక నమూనాకు శిక్షణ ఇచ్చారు. అదే తరహా ఫొటోల మీద అది 99.35 శాతం సరిగా చెప్పింది. వేరే పరిస్థితుల్లో తీసిన ఫొటోల మీద ఖచ్చితత్వం 31 శాతం దగ్గరికి పడిపోయింది. ఆ తర్వాత వచ్చినవి మెరుగుపడ్డాయి. మూలమైన చిక్కు మాత్రం అలాగే ఉంది. శిక్షణలో చూడని తెగులును యంత్రం తనకు తెలిసిన తెగుళ్లలో ఒకదానికి జతకడుతుంది. 2000లో అనంతపురం మొక్క ఫొటోను అలాంటి యాప్‌కు చూపి ఉంటే మొవ్వుకుళ్లు అనే చెప్పేది, అదీ ఎంతో ధీమాగా. మనిషి చేసే పొరపాటే అది, వేగం మాత్రం ఎక్కువ. తనకు తెలియదని చెప్పగల యాప్, ఆ చెప్పిన చోటును పటంలో గుర్తుపెట్టి నిపుణునికి పంపగల యాప్ కొత్త తెగుళ్ల విషయంలో ఎక్కువ ఉపయోగం.

ప్రయోగశాల వైపు కూడా ఒక జాగ్రత్త అవసరం. ఈరోజు ఒక ఆకులోని జన్యుక్రమాలన్నీ చదివితే వైరస్‌లు రెండో మూడో బయటపడటం మామూలు. ఉన్నంతమాత్రాన అదే తెగులుకు కారణం కాదు. వేరుచేసి, ఆరోగ్యమైన మొక్కకు సోకించి, అవే లక్షణాలు చూసి, మళ్లీ అదే జీవిని వెలికితీయాలన్న రాబర్ట్ కోచ్ నాటి నియమం ఇప్పటికీ అక్కరకొస్తుంది. డి బారీ చేసినదీ, బట్లర్ చేసినదీ, స్టేపుల్ చేసిన కందాకుతో నెనె బృందం మరో రూపంలో చేసినదీ ఆ పనే.

ఇక తెలుగు రైతుల ముందున్న పరీక్ష అరటిది. పనామా ఎండుతెగులు మనకు పాతదే. దాని కొత్త రూపమైన టీఆర్4, కావెండిష్ తరగతి రకాలను కూడా చంపుతుంది. బిహార్‌లోనూ ఆ తర్వాత ఉత్తరప్రదేశ్‌లోనూ అది బయటపడి ఉంది. ఎగుమతుల మీద నడుస్తున్న కడప, అనంతపురం తోటల్లో ఎక్కువభాగం కావెండిష్ తరగతికి చెందిన గ్రాండ్ నైన్ రకమే, రైతులు జీ-9 అనేది. కింది ఆకులు అంచు నుంచి పసుపెక్కడం, కాండం కోస్తే లోపల ఎర్రటి చారలు, పాత పనామాకూ కొత్త పనామాకూ లక్షణాలు ఒక్కటే. కంటితో వేరుచేయడం ఎవరివల్లా కాదు, పీసీఆర్ పరీక్షే తేల్చాలి. దీని కారకమైన శిలీంధ్రం మట్టిలో దశాబ్దాలు బతుకుతుంది. పిలకల వెంట, నాగలికీ చెప్పులకూ అంటిన మట్టి వెంట, పారే నీటి వెంట ప్రయాణిస్తుంది. పనామానే కదా అని పాత పేరు పెట్టుకుని ఒక సీజను గడిపితే, ఆ పొలంలో మళ్లీ జీ-9 వేయడం అసాధ్యం కావచ్చు.

అందుకని వ్యవసాయ శాఖకు, విశ్వవిద్యాలయాలకు ఈ వేదిక నుంచి ఒక ప్రతిపాదన. ప్రతి కొత్త తెగులు నివేదికలోనూ మూడు తేదీలు అచ్చువేయాలి. రైతు మొదట చూసిన తేదీ, నమూనా ప్రయోగశాలకు చేరిన తేదీ, ఫలితం తిరిగి రైతుకు అందిన తేదీ. ఇప్పటి పరిశోధనా పత్రాల్లో ప్రచురణ తేదీ ఉంటుంది, ఈ మూడూ అరుదుగానే దొరుకుతాయి. నమూనా ఎవరికివ్వాలో మండలంలో ప్రతి రైతుకూ తెలియాలి. దాన్ని తడి ప్లాస్టిక్ సంచిలో కుళ్లబెట్టకుండా, కాగితంలో చుట్టి, వేరుతో సహా, పక్కనున్న కలుపుమొక్కలతో సహా పంపే పద్ధతిని పల్లెల్లోని వ్యవసాయ సహాయకులకు నేర్పాలి. వచ్చిన ప్రతి నమూనాలో ఒక భాగాన్ని ఎండబెట్టి దాచాలి. అరటిలో ఎండు కనిపిస్తే ఆ మొక్కను తవ్వి గట్టున పడేయకుండా, ఆ మడికి నీరు ఆపి, చుట్టూ తాడు కట్టి, పరీక్ష ఫలితం వచ్చేదాకా ఎవరూ అడుగుపెట్టకుండా చూడాలి. పరీక్ష ఖర్చు, తోట తీసేయవలసి వస్తే పరిహారం ప్రభుత్వం భరిస్తుందని ముందే ప్రకటించాలి. ఈ ఏడాది అరటి సీజను మొదలయ్యేలోగా కడప, అనంతపురం జిల్లాల్లోనైనా ఈ ఏర్పాటు చేయగలిగితే మూడు తేదీల పట్టికలో మొదటి వరుస అక్కడి నుంచే రాయవచ్చు.